విష్ణుక్రాంత ఇంట్లో నిలవడం లేదా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

వినాయక చవితి 21 పత్రిలో విష్ణుక్రాంత ఒకటి. పొలం గట్ల మీద, బీళ్లలో, గుట్టల వాలుల్లో నేలను కరుచుకుని పెరిగే మన సొంత మొక్క. చిటికెన వేలి గోరంత నీలిపూలు పూస్తుంది. ఎవరూ నీళ్లు పోయని చోట ఏళ్ల తరబడి బతికేది, కుండీలో పెడితే నెల తిరక్కుండా పోతోందని చాలామంది బాధపడుతుంటారు. ఎక్కువసార్లు కారణం అతి శ్రద్ధే. గులాబీకి చేసే సేవ దీనికి పడదు.

ముందు ఒక అనుమానం: అసలు మొక్క అదేనా?

నర్సరీలో విష్ణుక్రాంత అడిగితే చాలాసార్లు బ్లూ డేజ్ చేతిలో పెడతారు. అదీ విష్ణుక్రాంతలాగే ఎవాల్వులస్ అనే ప్రజాతికి చెందిందే కానీ దక్షిణ అమెరికా మొక్క. పువ్వు రూపాయి బిళ్లంత ఉంటుంది, మొక్క గుబురుగా పెరుగుతుంది. కర్రకు చుట్టుకుని పైకి పాకుతూ పెద్ద నీలిపూలు పూస్తే అది శంఖుపూల తీగ. దాన్నీ కొన్ని చోట్ల విష్ణుక్రాంత అంటారు. గుండ్రటి ఆకులు, తెల్లపూలతో కణుపు కణుపుకూ వేళ్లు దించుతూ లాన్‌లో పరుచుకునేది ఇంకో రకం, అమెరికా నుంచి వచ్చిన కలుపు.

అసలు విష్ణుక్రాంత దేనికీ చుట్టుకోదు. కాడలు సన్నగా, గట్టిగా ఉంటాయి. ఆకును వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి, అంచు వెంబడి పట్టుదారాల్లాంటి నూగు మెరుస్తుంది.

కింది ఆకులు పసుపుబారి, మొదలు నల్లబడుతోంది

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే. కారణం వేరు దగ్గర నిలిచిన తడి. ఈ మొక్కకు అలవాటైనవి నీరు చప్పున ఇంకిపోయే నేలలు: ఎర్ర గరప నేల, తెలంగాణలో చల్కలనే ఎర్ర ఇసుక నేలలు, గులకరాళ్లున్న వాలు. నల్లరేగడి నింపిన కుండీలోనో, నిండా కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఉన్న కవర్‌లోనో పెట్టి రోజూ చెంబుడు నీళ్లు పోస్తే వేరుకు గాలి ఆడదు, కుళ్లు మొదలవుతుంది. మొక్క వాడినట్టు కనిపిస్తుంది కాబట్టి నీళ్లు చాలలేదనుకుని ఇంకో చెంబు పోస్తాం. దాంతో మిగిలిన ప్రాణమూ పోతుంది.

వాడిన మొక్కకు నీళ్లు పోసే ముందు మట్టిలోకి వేలు దించి చూడండి. రెండంగుళాల లోతున తడి తగిలితే నీళ్లు ఆపేయాలి. మొదలు దగ్గర గోటితో కొద్దిగా గీరండి. లోపల పచ్చగా, గట్టిగా ఉంటే ఆశ ఉంది. పైతొక్క జారిపోయి గోధుమరంగుగా మెత్తబడితే ఆ మొక్క దక్కదు. ఆ మట్టిలో మళ్లీ నాటకండి.

ఆశ ఉన్నదాన్ని మట్టిగడ్డ చెదరకుండా కొత్త మిశ్రమంలోకి మార్చండి: రెండు పాళ్లు ఎర్రమట్టి, రెండు పాళ్లు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు. కుండీ అడుగున రంధ్రం ఉండాలి, కింద నీళ్లు పట్టే ప్లేటు ఉండకూడదు. ఆ తర్వాత పైమట్టి పొడిబారాకే నీళ్లు. ముసురు పట్టిన రోజుల్లో కుండీని చూరు కిందకు జరపండి.

కాడలు సాగుతున్నాయి, పువ్వు రావడం లేదు

నీడ, లేదా నత్రజని ఎక్కువ కావడం. బాల్కనీ గ్రిల్ నీడలో అయితే కాడలు వెలుగు కోసం పొడుగ్గా సాగి, ఆకుకూ ఆకుకూ మధ్య ఎడం పెరుగుతుంది. కనీసం అయిదారు గంటల నేరు ఎండ కావాలి. యూరియా వేయకండి, వారం వారం ఇచ్చే ద్రవ ఎరువులు కూడా అక్కర్లేదు. సాగిన కాడల్ని సగానికి తుంచితే పక్క కొమ్మలు వస్తాయి.

మధ్యాహ్నానికి పూలు మాయం

ఇది జబ్బు కాదు. పువ్వు పొద్దున విచ్చుకుని ఎండ ముదిరేసరికి ముడుచుకుంటుంది. ఒక్కో పువ్వు ఆయుష్షు ఒక్క పూటే. ఆఫీసు నుంచి సాయంత్రం వచ్చి చూసేవారికి ఎప్పుడూ పూయనట్టే ఉంటుంది.

తవ్వి తెచ్చింది వారంలో వాడిపోయింది

పైన జానెడే కనిపించినా, కింద కర్రలా గట్టిపడిన వేరు రాళ్ల మధ్య లోతుకు దిగి ఉంటుంది. పెకిలిస్తే సగంలో తెగుతుంది. దీనికి మందు లేదు. బీళ్లు ప్లాట్లయిపోతున్న ఈ రోజుల్లో మిగిలిన నాలుగు మొక్కల్నీ పీకడం నాకు అస్సలు నచ్చదు కూడా. గోధుమరంగుకు తిరిగిన కాయలు కొన్ని కోసుకుని, మిగతావి అక్కడే వదిలేయండి. ఒక్కో కాయలో నాలుగు దాకా గింజలుంటాయి.

గింజలు మొలవడం లేదు

గింజ తొక్క గట్టిది, నీటిని లోపలికి రానివ్వదు. రెండు గరుకు కాగితాల మధ్య గింజల్ని మెల్లగా రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టండి. పొద్దున ఉబ్బినవాటిని ఏరి విత్తండి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి. అడుగున చిల్లు పెట్టిన పేపర్ కప్పుకు రెండు గింజలు, పైన పలుచగా ఇసుక. తొలకరి రోజులు అనువైనవి. నాటేటప్పుడు కప్పును చింపి మట్టిగడ్డతో సహా దించితే వేరు కదలదు.

వేసవిలో ఎండిపోయింది

పారేయకండి. పైభాగం ఎండినా వేరు బతికి ఉండవచ్చు. ఎండిన కాడల్ని నేలకు రెండంగుళాల ఎత్తున కత్తిరించి, అప్పుడప్పుడు కాస్త తడి చూపించండి. వానలు పడ్డాక మొదలు దగ్గర చిగురు కోసం చూడండి.

కాడల సందుల్లో తెల్లటి పొడి

నూగును చూసి పురుగని కంగారు పడేవారున్నారు. వేలితో రుద్దితే జిగటగా అంటితే అది పిండినల్లి. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట కొట్టండి. వారం తర్వాత మరోసారి.

చవితి తర్వాత మొక్క కోలుకోవడం లేదు

పత్రి కోసమని మొదలంటా కోసేసి ఉంటారు. పూజకు కాడల చివర నాలుగు వేళ్ల పొడవు చాలు. కత్తెరతో కోయండి, లాగకండి. ఒక మొక్క నుంచి మూడో వంతుకు మించి తీసుకోవద్దు. చుట్టూ గరిక, తుంగ ఉంటే అప్పుడే తీసేయండి. ఇంత పొట్టి మొక్క వాటి నీడకు తట్టుకోలేదు.