ఒకే ఇంటిపేరున్న ఇంగ్లీషు ప్రముఖులను ఒకరికొకరు కలిసిపోకుండా రాయడం ఎలా? (కాటన్‌ల ఉదాహరణతో)

గోదావరి జిల్లాల్లో కాటన్ అంటే ఒక్కరే. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్. ఊరూరా ఆయన విగ్రహాలున్నాయి. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీదా ఉంది. గోదావరి స్నానం చేయించేటప్పుడు ఆయన్ని భగీరథుడిగా తలుచుకునే శ్లోకం చదివే పురోహితులు ఉన్నారు. ఇంత అభిమానం ఉన్నచోట ఇంటిపేరు చెబితే చాలనిపిస్తుంది.

చాలదు. బ్రిటిష్ ఇండియా చరిత్రలోనే పేరున్న కాటన్‌లు అరడజను మందికి పైగా కనిపిస్తారు. ఇంగ్లండ్, అమెరికా, ఆస్ట్రేలియా కలిపితే ఇంకా చాలామంది. స్కూలు ప్రాజెక్టులకీ, ఊరి చరిత్రలకీ, క్విజ్ ప్రశ్నలకీ సమాచారం వెతికేవాళ్లు ఇక్కడే చిక్కుపడతారు. ఒకరి పదవి ఇంకొకరికి, ఒకరి ఫొటో ఇంకొకరికి అంటుకుంటుంది. మన నేలకు ఇంత చేసిన మనిషి గురించి రాసేటప్పుడు ఆయన చేసింది ఆయనకే దక్కాలి, చేయనిది ఆయన ఖాతాలో పడకూడదు. అందుకు పనికొచ్చే పద్ధతి ఇది. బ్రౌన్, స్మిత్, టేలర్, ఏ ఇంటిపేరుకైనా ఇలాగే చేయవచ్చు.

1. మనిషికో కార్డు రాయండి

వెతకడం మొదలుపెట్టకముందే మీకు కావలసిన మనిషి పేరు మీద ఒక కార్డు తయారు చేసుకోండి. పూర్తి పేరు, పుట్టిన, చనిపోయిన సంవత్సరాలు, తండ్రి పేరు, పనిచేసిన శాఖ, పనిచేసిన చోట్లు, అంతే. ఆర్థర్ కాటన్ కార్డు ఇలా ఉంటుంది:

ఆర్థర్ థామస్ కాటన్. 1803 మే 15 – 1899 జులై 24. తండ్రి హెన్రీ కాల్వెలీ కాటన్. మద్రాస్ ఇంజనీర్స్ దళంలో అధికారి, 1821లో ఇండియాకు వచ్చారు. 1830లలో కావేరి, దాని పాయ కొల్లిడం మీద పనులు. 1847–52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట. 1861లో సర్ బిరుదు.

దారిలో ఎదురైన ప్రతి కొత్త కాటన్‌కీ ఇంకో కార్డు పెట్టండి. ఆయన మనకి అక్కర్లేదని వదిలేస్తే రెండు రోజుల తర్వాత ఆయనే మళ్లీ ఎదురై అయోమయంలో పడేస్తాడు. ఫోన్‌లో నోట్స్‌గా రాసుకున్నా పర్లేదు.

2. ముందు సంవత్సరాలతో వడపోయండి

సగం పని ఇక్కడే అయిపోతుంది. సర్ హెన్రీ కాటన్ అనే పేరే తీసుకోండి. ముగ్గురున్నారు. ఒకరు ఇంగ్లండ్ అప్పీల్ కోర్టు జడ్జి (1821–1892). ఇంకొకరు 1845లో కుంభకోణంలో పుట్టి, ఐసీఎస్ అధికారిగా అస్సాం చీఫ్ కమిషనర్ అయి, 1904లో బొంబాయి కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించినాయన. మూడో ఆయన 1934, 1937, 1948లలో బ్రిటిష్ ఓపెన్ గెలిచిన గోల్ఫ్ ఆటగాడు. ముగ్గురికీ అదే పేరు, అదే బిరుదు. పేపర్లో తేదీ ఒక్కటి చూస్తే ఎవరో తెలిసిపోతుంది.

గౌహతిలో 1901లో కాటన్ కాలేజీ పెట్టింది ఈ అస్సాం హెన్రీయే. ఇప్పుడది కాటన్ యూనివర్సిటీ. ఆర్థర్‌కీ దానికీ సంబంధం లేదు. ఈయన కుంభకోణంలో పుట్టడం, ఆర్థర్ కావేరి మీద పనిచేయడం చూసి ఇద్దరూ తండ్రీకొడుకులని అనుకునే ప్రమాదం ఉంది. హెన్రీ తండ్రి జోసెఫ్ జాన్ కాటన్, మద్రాస్ సివిల్ సర్వీసు ఉద్యోగి. కార్డు మీద తండ్రి పేరు రాసుకోమన్నది ఇందుకే.

3. తెలుగులో ఒకటైపోయే పేర్లను ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో విడదీయండి

తెలుగు పాఠకులకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

తెలంగాణ చరిత్రలో ఒక సిడ్నీ కాటన్ ఉన్నాడు. 1948లో కరాచీ నుంచి విమానాల్లో నిజాం రాజ్యానికి దొంగచాటుగా ఆయుధాలు చేరవేసిన ఆస్ట్రేలియా పైలట్. మొదటి ప్రపంచయుద్ధంలో పైలట్లకు చలి తగలకుండా సిడ్‌కాట్ సూట్ రూపొందించిందీ, 1939లో జర్మనీ మీదుగా మామూలు ప్రయాణికుల విమానం నడుపుతున్నట్టు కనిపిస్తూ రహస్యంగా ఫొటోలు తీసిందీ ఇతనే. 1894లో క్వీన్స్‌లాండ్‌లో పుట్టి 1969లో చనిపోయాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో హైదరాబాద్ కథ ముగిశాక, ఇంగ్లండ్‌లో కేసు నడిచి జరిమానా కట్టాడు.

ఇంకో సిడ్నీ కాటన్ ఆర్థర్ సొంత అన్న. 1792లో పుట్టి 1874లో చనిపోయిన సైన్యాధికారి. 1857 తిరుగుబాటు రోజుల్లో పెషావర్‌లో సేనలు ఆయన చేతి కింద ఉండేవి. ఇప్పుడు అసలు చిక్కు చూడండి. ఈ అన్నగారు ఇండియాకు తిరిగి రాకముందు, 1837 నుంచి 1839 దాకా ఆస్ట్రేలియాలో మోర్టన్ బే ఖైదీల స్థావరానికి కమాండెంట్. ఆ మోర్టన్ బే ఇప్పటి క్వీన్స్‌లాండ్‌లోనే ఉంది! అంటే "సిడ్నీ కాటన్, క్వీన్స్‌లాండ్, ఇండియా" అని వెతికితే ఇద్దరూ ఒకేసారి వస్తారు. పేరు కలిసింది, ఊరు కలిసింది, దేశం కూడా కలిసింది. "నిజాంకు ఆయుధాలు తెచ్చినవాడు కాటన్ దొర అన్నే" అని ఎవరైనా రాసేయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

ఇంగ్లీషులో చూస్తే సైన్యాధికారి పేరులో రెండో అక్షరం 'వై', పైలట్ పేరులో 'ఐ'. పైగా పైలట్ పూర్తి పేరు ఫ్రెడరిక్ సిడ్నీ కాటన్. కాబట్టి కార్డు మీద తెలుగు పేరు పక్కనే ఇంగ్లీషు స్పెల్లింగ్ అక్షరం పొల్లు పోకుండా రాసుకోండి, వెతికేటప్పుడు అదే వాడండి. వ్యాసంలో మాత్రం "సైన్యాధికారి సిడ్నీ కాటన్", "పైలట్ సిడ్నీ కాటన్" అని ప్రతిసారీ తేడా చూపించండి.

4. పాత కాగితాల్లో హోదా, ఇనీషియల్స్ చూడండి

ఆర్కైవ్ వెబ్‌సైట్లలో దొరికే పాత మద్రాసు ప్రభుత్వ నివేదికల్లో పూర్తి పేర్లు అరుదు. "కెప్టెన్ కాటన్ రాసినట్లు" అని ఉంటుంది. ఏ కాటన్? ఆర్థర్ తమ్ముడు ఫ్రెడరిక్ కానియర్స్ కాటన్ కూడా మద్రాస్ ఇంజనీర్స్‌లోనే పనిచేశారు. అదే దళం, అదే ప్రెసిడెన్సీ, అదే ఇంటిపేరు. ఇనీషియల్స్ ఏ.టి. అయితే అన్న, ఎఫ్.సి. అయితే తమ్ముడు. ఆ పేజీలో ఇనీషియల్స్ లేకపోతే కంగారు పడకండి, నివేదిక చివర సంతకం దగ్గరో, ముందుపేజీల్లోనో సాధారణంగా ఉంటాయి.

హోదా కూడా కాలంతో మారుతుంది. గోదావరి ఆనకట్ట ప్రతిపాదనల నాటికి ఆర్థర్ మేజర్. తర్వాత కర్నల్, చివరికి జనరల్. హోదాకీ, కాగితం మీద సంవత్సరానికీ పొంతన కుదరకపోతే అక్కడ ఆగి మళ్లీ చూడండి.

5. బిరుదుల వెనక, పెళ్లిళ్ల వెనక దాక్కున్న పేర్లు వెతకండి

ఇంగ్లీషు ప్రముఖుల్లో కొందరి ఇంటిపేరు మధ్యలో మాయమైపోతుంది. 1826లో భరత్‌పూర్ కోటను పట్టుకున్న సేనాపతి స్టేపుల్టన్ కాటన్‌ను పుస్తకాలు లార్డ్ కంబర్మియర్ అనే పిలుస్తాయి. ఆయన ఆర్థర్‌కు పెదనాన్న కొడుకు.

ఆడవాళ్ల విషయంలో ఇది ఇంకా ఎక్కువ. ఆర్థర్ కాటన్ కూతురు ఎలిజబెత్ రీడ్ కాటన్ 1877లో నౌకాదళ అధికారి సర్ జేమ్స్ హోప్‌ను పెళ్లి చేసుకుని లేడీ హోప్ అయింది. చివరి రోజుల్లో డార్విన్ పశ్చాత్తాపపడి బైబిల్ వైపు మళ్లాడన్న ప్రచారం మీరు వినే ఉంటారు. 1915లో అమెరికాలో ఒక పత్రికలో అచ్చయిన ఆ కథ ఈమె చెప్పిందే. డార్విన్ పిల్లలు దాన్ని గట్టిగా ఖండించారు. 1900లో వెలువడిన ఆర్థర్ కాటన్ జీవితచరిత్ర రాసింది కూడా ఆమెనే. కాటన్ అని మాత్రమే వెతికితే, కాటన్ గురించి దగ్గరగా చూసి రాసిన మనిషే మీకు దొరకదు. అందుకే ప్రతి కార్డులో "ఇతర పేర్లు" అని ఒక గడి ఉంచండి.

దీనికి తలకిందులు కూడా ఉంది. అమెరికా మతబోధకుడు కాటన్ మాథర్ (1663–1728) ఇంటిపేరు మాథర్. తల్లి తరఫు తాత జాన్ కాటన్ ఇంటిపేరును ఆయనకు సొంత పేరుగా పెట్టారు. కాటన్‌ల జాబితాలో ఆయన్ని చేర్చకండి.

6. చుట్టరికం రుజువైతేనే రాయండి

సఫోక్, స్టాఫర్డ్‌షైర్, కేంబ్రిడ్జ్‌షైర్ లాంటి చోట్ల కాటన్, కోటన్ అనే ఊళ్లున్నాయి. ఒక్కో ఊరి నుంచి ఒక్కో కుటుంబం ఆ ఇంటిపేరు తెచ్చుకుంది, మనకి ఊరి పేర్ల మీద ఇంటిపేర్లు వచ్చినట్టే. అందువల్ల పేరు కలిసినంత మాత్రాన రక్తసంబంధం ఉన్నట్టు కాదు. 1215 నాటి మాగ్నా కార్టా ప్రతుల్లో ఈనాటికి మిగిలిన నాలుగింటిలో రెండు సర్ రాబర్ట్ కాటన్ (1571–1631) సేకరణలో ఉండటం వల్లే మనదాకా వచ్చాయి. ఎంత గొప్ప సేవ! కానీ "ఆర్థర్ కాటన్ పూర్వీకుడు" అని తగిలించేయకూడదు. తండ్రి, తాత, ముత్తాత అని ఒక్కో మెట్టూ చూపించగలిగితేనే చుట్టరికం రాయండి. జీవితచరిత్ర నిఘంటువుల్లో మొదటి పేరాలోనే తల్లిదండ్రుల వివరం ఉంటుంది, అక్కడ చూడండి.

7. సంస్థ ఎవరి పేరు మీద ఉందో విడిగా తేల్చుకోండి

బెంగళూరు బిషప్ కాటన్ స్కూలు పేరు మన ఇళ్లలోనూ వినిపిస్తుంది, మనవాళ్ల పిల్లలు చాలామంది అక్కడ చదివారు. అది ఆర్థర్ పేరు కాదు. కలకత్తా బిషప్‌గా ఉన్న జార్జ్ ఎడ్వర్డ్ లించ్ కాటన్ పేరు. సిమ్లాలోని స్కూలు 1859లో ఆయన స్థాపించిందే, బెంగళూరుది 1865లో మొదలైంది. ఆ మరుసటి ఏడు అక్టోబరులో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని కుష్టియా దగ్గర నదిలో జారిపడి ఆయన చనిపోయారు. ధవళేశ్వరంలోని సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ, కాటన్ మ్యూజియం మాత్రం మన ఆర్థర్‌వే. అయితే ఇప్పుడు మనం చూసే బ్యారేజీ ఆయన కట్టినది కాదు, ఆయన ఆనకట్ట స్థానంలో 20వ శతాబ్దంలో కట్టి ఆయన పేరు పెట్టినది. ఈ తేడా కూడా వ్యాసంలో ఉండాలి.

8. ఫొటో పెట్టేముందు

ఇంటర్నెట్‌లో దొరికే బొమ్మ కింద ఒట్టి "సర్ కాటన్" అని ఉంటే తీసుకోకండి. బొమ్మ గీసిన లేక తీసిన సంవత్సరం, దుస్తులు, దాన్ని దాచిన మ్యూజియం ఇచ్చిన పూర్తి పేరు, ఈ మూడూ కార్డుతో సరిపోవాలి. ఆర్థర్ 96 ఏళ్లు బతికారు కాబట్టి తెల్లగడ్డంతో ఉన్న ముసలాయన ఫొటోలు ఉండటం సహజమే, కానీ అస్సాం హెన్రీకి కూడా ముసలితనం ఫొటోలున్నాయి. తేల్చుకోలేకపోతే ధవళేశ్వరం మ్యూజియంలో ఉన్న చిత్రాలతో పోల్చి చూడండి. రాజమండ్రి నుంచి ఆటోలో వెళ్లిరావచ్చు.