బాగ్‌డోగ్రా వెళ్తే ఎడమ, తిరిగొస్తే కుడి

మా వాళ్లలో ఎవరు విమానం టికెట్ తీసినా సీటు ఏది పెట్టుకోవాలో నన్నే అడుగుతారు. నాకు ఢిల్లీలో ఉద్యోగం, పుట్టిల్లు రాజమండ్రి. కిటికీ సీటు దొరికితే చాలనుకుంటారు చాలామంది. ఏ వైపు కిటికీ అన్నదే అసలు సంగతి. అది టికెట్ కొన్న రోజే మ్యాపు ముందు పెట్టుకుని తేల్చుకోవాలి.

మా పిన్నీ బాబాయీ డార్జిలింగ్ బయల్దేరినప్పుడు ఢిల్లీ నుంచి బాగ్‌డోగ్రాకి పొద్దుటి విమానం తీయించాను. ఈ దారిలో విమానం తూర్పుకి పోతుంది. హిమాలయాలు ఉత్తరాన, అంటే ఎడమచేతి వైపు ఉంటాయి. కాబట్టి వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ ‘ఎ’ సీటు, వచ్చేటప్పుడు కుడి కిటికీ ‘ఎఫ్’. ఇందులో ఇంకో లాభం ఉంది. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి మీ కిటికీ అద్దం మీద ఎండ కొట్టదు, ఎదురుగా ఉన్న మంచుకొండల మీద మాత్రం బాగా పడుతుంది. వానలు వెళ్లాక, అక్టోబరు ఆఖరు నుంచి నవంబరు దాకా గాలి తేటగా ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ కొండల మీద మబ్బు పేరుకుంటుంది, అందుకే పొద్దుటి విమానం.

శిఖరాల కోసం కిందికి చూడకండి. విమానం పోయేది దాదాపు 10, 11 కిలోమీటర్ల ఎత్తున. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు, అదీ వంద కిలోమీటర్లకు అటూ ఇటుగా దూరాన ఉంటుంది. అందుకని కొండలు దాదాపు కంటికి ఎదురుగానే, నేలా ఆకాశం కలిసేచోట కనిపిస్తాయి. తెల్లటి మబ్బుల వరస అనుకుని వదిలేస్తారు. ఎంతసేపు చూసినా ఆకారం మారకపోతే అవి కొండలే. ముందు ధవళగిరి, అన్నపూర్ణ, తర్వాత మనాస్లు, ఇంకా తూర్పుకి పోతే ఎవరెస్టు, మకాలు, దిగేముందు కాంచన్‌జంగ. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ కిటికీ దగ్గర పెట్టండి. ఫ్లైట్ మోడ్‌లో కూడా జీపీఎస్ పనిచేస్తుంది, ఎక్కడున్నారో తెలుస్తుంది. బాగ్‌డోగ్రా వాయుసేన స్థావరం. దిగేటప్పుడు, నేల మీద ఉన్నప్పుడు ఫొటోలు తీయకండి.

ఇక వరస. ఎయిర్‌బస్ ఎ320లో సుమారు 9 నుంచి 20 దాకా కూర్చుంటే కింద కనిపించేది రెక్కే. నా ఓటు ముందు వరసలకి. వెనక కూర్చుంటే ఇంజిన్ వేడిగాలికి దృశ్యం అలలు అలలుగా కదులుతుంది, ఫొటోలు మసకబారతాయి. డబ్బు ఎక్కువనిపిస్తే బాగా వెనక వరసలు పరవాలేదు. బోయింగ్ 737 అయితే జాగ్రత్త. ఏసీ గొట్టాలు పోయేచోట, రెక్కకి కాస్త ముందు ఎడమవైపు, ఒక వరసలో కిటికీయే ఉండదు. వరస నంబరు ఒక్కో సంస్థకీ ఒక్కోలా ఉంటుంది, సీటు మ్యాపులో చూసుకోండి.

హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం దొరికితే నాకు పండగే. రెక్క కిటికీలకి పైన ఉంటుంది, జెట్ కంటే తక్కువ ఎత్తులో పోతుంది, కింద ఊళ్లు, చెరువులు విడివిడిగా కనిపిస్తాయి. విమానాశ్రయం ఊరికి ఉత్తరాన మధురపూడిలో ఉంది కాబట్టి గోదావరి దాటేటప్పుడు ఎడమవైపు పోలవరం, దాని వెనక పాపికొండలు. కుడివైపు వంతెనలు, ధవళేశ్వరం ఆనకట్ట, దాని దిగువన నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలడం. నేనైతే ఎప్పుడూ కుడివైపే. ఆగస్టులో ఎర్రనీరు వచ్చినప్పుడు ఆనకట్టని పైనుంచి చూడాలి! గాలిని బట్టి విమానం చుట్టు తిరిగి దిగిందంటే ఎడమవైపు వాళ్లకీ కొంత దక్కుతుంది.

రాత్రి విమానానికీ, వానాకాలంలో హిమాలయాల వైపు వెళ్లే విమానానికీ మాత్రం కిటికీ కోసం అదనంగా డబ్బు కట్టకండి. ఆ డబ్బు నవంబరు ప్రయాణానికి దాచుకోండి.