పార్కుకు తాళం వేసే ముందు: మహమ్మారి రోజులకు జాగ్రత్తలు

అంటువ్యాధి ముంచుకొచ్చినప్పుడు నగరంలో అందరికంటే ముందు తాళం పడేది పార్కులకే. దానికి ఒక ఆర్డరు, ఒక గొలుసు చాలు. మూసిన గేటు వెనక ఏమేం పాడవుతాయి, మళ్లీ తెరవాలంటే ఏం చూసుకోవాలి అన్నది మాత్రం చాలాచోట్ల ఎవరూ రాసి పెట్టుకోరు. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించాక ఎన్నో నగరాలు ఈ తంతును హడావిడిగా, టెన్షన్‌తో నడిపాయి. పార్కులు, ఆటస్థలాలు, ఈత కొలనులు, శిక్షణ తరగతులు చూసుకునేవాళ్ల కోసం రాస్తున్న జాగ్రత్తలివి. వేవ్ వచ్చాక తీసి చదివితే లాభం తక్కువ.

ముందు గాలిని బట్టి విడదీయండి

మీ చేతిలో ఉన్న స్థలాలన్నీ ఒక కాగితం మీద రాయండి. పచ్చిక, నడక దారులు ఒక వరుస. ఊయలలు, జారుడుబల్లలు, ఓపెన్ జిమ్‌లాగా ఆరుబయటే ఉన్నా జనం ఒకచోట గుమిగూడేవి రెండో వరుస. ఇండోర్ కోర్టులు, హాళ్లు, బట్టలు మార్చుకునే గదులు మూడోది. కొవిడ్‌లాంటి జబ్బు ప్రధానంగా గాలి ద్వారా పాకుతుంది కాబట్టి మూసేటప్పుడు మూడో వరుస నుంచి మొదలుపెట్టాలి, తెరిచేటప్పుడు మొదటి వరుస నుంచి. జబ్బు వేరే దారిలో పాకేదైతే ఈ వరుసలు మారతాయి. ఆ సంగతి ఆరోగ్య శాఖవాళ్లను అడిగి తేల్చుకోండి, వాట్సాప్‌లో వచ్చినదాన్ని బట్టి కాదు.

అన్నీ ఒకేసారి మూసేస్తే జనం ఇంట్లో కూర్చుంటారనుకోవడం పొరపాటు. కాలిఫోర్నియాలోని శాన్ క్లెమెంటెలో 2020 ఏప్రిల్‌లో స్కేటింగ్ పార్కు నిండా 37 టన్నుల ఇసుక పోయించారు. కొన్నాళ్లకే కొందరు అదే ఇసుక మీద బైకులు తిప్పారు, స్కేటింగ్ పిల్లలు పారలు తెచ్చుకుని ఇసుక ఎత్తిపోశారు. తర్వాతి నెలలో న్యూయార్క్‌ బ్రూక్లిన్‌లోని డామినో పార్కువాళ్లు చేసింది వేరు. పచ్చిక మీద తెల్లటి గుండ్రాలు గీశారు. ఒక్కోటి 8 అడుగుల వెడల్పు, మధ్యలో 6 అడుగుల ఎడం. వచ్చినవాళ్లు ఏదో ఒక గుండ్రంలో కూర్చునేవాళ్లు. ఇసుక లారీల కంటే రంగు డబ్బా చవక, పైగా పని చేసింది.

పార్కు తెరిచి టాయిలెట్లు మూసే అలవాటు మానండి. తెరిచిన పార్కులో టాయిలెట్, చేతులు కడుక్కునే కొళాయి, సబ్బు ఉండి తీరాలి. లేకపోతే జనం పొదల వెనక్కి వెళతారు, ఆడవాళ్లూ పెద్దవాళ్లూ అసలు రావడమే మానేస్తారు.

మందు పిచికారీ గురించి

ట్యాంకరుతో బెంచీలు, చెట్లు, దారులు తడిపేస్తే ఫొటో బాగా వస్తుంది, అంతకుమించి ఒరిగేదేమీ లేదు. వీధులను ఇలా తడపడం వల్ల వైరస్ పోదని, మనుషులకు హాని కూడా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మేలోనే చెప్పింది. స్పెయిన్‌లో ఒక సముద్రతీరం మీద ట్రాక్టర్లతో బ్లీచింగ్ ద్రావణం చల్లితే అక్కడి పక్షులకూ చిన్న జీవులకూ చేటు జరిగిందని గొడవైంది, చల్లించినవాళ్లు క్షమాపణ చెప్పుకున్నారు. ఆ డబ్బు సబ్బుకు, మాస్కులకు, టాయిలెట్లు శుభ్రం చేసే మనిషికి పెట్టండి.

మూసినవాటికే ఎక్కువ కాపలా

నా లెక్కలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

పైపుల్లో వారాల తరబడి నిలిచిన నీళ్లలో క్లోరిన్ తగ్గిపోతుంది. గోరువెచ్చగా ఉన్న చోట లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. షవర్లు, ఫౌంటెన్ల తుంపర పీల్చినవాళ్లకు దీనివల్ల తీవ్రమైన న్యుమోనియా రావచ్చు. కాబట్టి మూసి ఉన్నన్నాళ్లూ వారానికోసారి ప్రతి కొళాయినీ షవర్‌నూ కాసేపు తిప్పి నీళ్లు వదలాలి. చాలారోజుల తర్వాత మొదటిసారి వదిలే మనిషి మంచి మాస్కు పెట్టుకోవాలి, షవర్ తల విప్పేసి లేదా గుడ్డ చుట్టి తుంపర లేవకుండా చూసుకోవాలి.

ఈత కొలను సంగతికొస్తే, ఎలాగూ ఎవరూ రారు కదా అని నీళ్లు తోడేయకండి. భూగర్భ జలం పైకి ఉన్నచోట ఖాళీ కొలనును కింది నీటి ఒత్తిడి పైకి నెడుతుంది, నేల పగుళ్లు ఇస్తుంది. అలాగని పంపు ఆపేసి వదిలేసినా నీళ్లు పచ్చబడి దోమల గుంట అవుతుంది. దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలు రావడానికి వేడి రోజుల్లో వారం, పది రోజులు చాలు. మహమ్మారి మధ్యలో డెంగీ కూడా తోడైతే ఆ కష్టం చెప్పనక్కర్లేదు. పంపు రోజూ కొద్దిసేపైనా తిరగాలి. మళ్లీ తెరిచేటప్పుడు ఫ్రీ క్లోరిన్ (క్రిములను చంపడానికి నీళ్లలో ఇంకా మిగిలున్న క్లోరిన్) కనీసం 1 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో ఒక పాలు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం కొలత) 7.0 నుంచి 7.8 మధ్య ఉందో లేదో చూడాలి. క్లోరిన్, యాసిడ్ డబ్బాలు ఒకే గదిలో పక్కపక్కన పెట్టవద్దు. రెండూ కలిస్తే వచ్చేది విషవాయువు. సరిగ్గా శుభ్రం చేసిన కొలను నీటిలో కొవిడ్ భయం తక్కువే, భయమంతా బట్టలు మార్చుకునే గదిలో గుంపుగా నిలబడటంతోనే.

కొలను మూస్తే చెరువుకో కాలువకో పోయే పిల్లలుంటారు. అక్కడ లైఫ్‌గార్డు ఉండడు. మూసేరోజే ఆ గట్టున బోర్డు పెట్టి, వీలైతే మనిషిని కూడా పెట్టండి.

కొత్తగా నాటిన మొక్కలకు మొదటి రెండేళ్లూ నీళ్లు తప్పవు. లాక్‌డౌన్‌లోనూ తోటమాలి లోపలికి రావడానికి పాసు ముందే తయారుగా ఉంచండి. పచ్చిక కాస్త పెరిగినా ఫర్వాలేదు, మొక్క ఎండితే మళ్లీ మొదటి నుంచి నాటాలి.

తరగతులు, శిబిరాలు, సభలు

పెద్ద సభలు, ఊరేగింపుల విషయంలో మొహమాటం వద్దు. 1918 ఇన్‌ఫ్లుయెంజా కాలంలో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరం సెప్టెంబర్ 28న ఊరేగింపు ఆపలేదు. రెండు లక్షల మంది వచ్చారు. రోజుల్లోనే ఆస్పత్రులు నిండిపోయాయి. అదే దేశంలోని సెయింట్ లూయిస్ నగరం మాత్రం అక్టోబర్ మొదట్లోనే గుంపులు ఆపేసి చాలా తక్కువ నష్టంతో బయటపడింది.

చిన్న తరగతులు నడపాలనుకుంటే పిల్లలను విడి గుంపులుగా చేసి, ఒక్కో గుంపుకు ఒకే కోచ్‌ను ఉంచండి. గుంపులు కలవకూడదు, కోచ్ మారకూడదు. ఒకరికి జబ్బు వస్తే ఆ గుంపు మాత్రమే ఆగుతుంది. హాలు వాడక తప్పకపోతే కార్బన్ డయాక్సైడ్ మీటరు ఒకటి కొనండి. బయటి గాలిలో 420 పీపీఎం పైనే ఉంటుంది. గదిలో 800 దాటుతోందంటే గాలి సరిపోవడం లేదని అర్థం, కిటికీలు తెరవండి లేదా మనుషులను తగ్గించండి.

ఫీజు వాపసు నిబంధన ఇప్పుడే రాసి, బుకింగ్ రసీదు మీదే అచ్చు వేయండి. జనానికి కోపం వచ్చేది తరగతి ఆగినందుకు కాదు, డబ్బు సంగతి ఎవరూ తేల్చి చెప్పనందుకు.

రోజూ పార్కుకొచ్చి కబుర్లు చెప్పుకునే పెద్దవాళ్లను మరిచిపోకండి. వాళ్ల ఫోన్ నంబర్లు అనుమతి అడిగి తీసుకోండి. మూసిన రోజుల్లో వారానికోసారి ఫోన్ చేయడానికి, ఖాళీగా ఉన్న కోచ్‌లు సరిపోతారు.

కడుతున్న పనులు

తవ్విన గుంటలు, సగం కట్టిన గోడలు, బయటికి వేలాడే కరెంటు తీగలు ఉన్నచోట పని ఆపేముందు కంచె వేయించి ఫొటోలు తీయించండి. తేదీ పడేలా తీయించాలి. తర్వాత కాంట్రాక్టరుతో బిల్లు దగ్గర వాదన వస్తే అవే సాక్ష్యం. ఒప్పందంలో మహమ్మారి మాట స్పష్టంగా ఉండాలి: గడువు ఎన్నాళ్లు పొడిగిస్తారు, ఆగిన రోజులకు కాపలా ఖర్చు ఎవరిది, సామాను ధర పెరిగితే ఎవరు భరిస్తారు. 2021లో అమెరికాలో కలప ధర ఎలా ఎగిరిందో చూసినవాళ్లు ఈ చివరి ప్రశ్నను తేలిగ్గా తీసుకోరు. ఆదాయం పడిపోతే ఏ పని వాయిదా వేయాలో కూడా వరుస రాసుకోండి. నా ఓటు కొత్త హంగులు ఆపి, నీళ్లు, టాయిలెట్లు, ప్రహరీ మరమ్మతులు కొనసాగించడానికి.

సిబ్బంది

రెండు జట్లు చేయండి, ఒకరి ముఖం ఒకరు చూడకుండా షిఫ్టులు మారాలి. తాళంచెవులు, పారలు, వాకీటాకీలు ఏ జట్టువి ఆ జట్టుకే. జ్వరం వచ్చిన మనిషికి జీతం కోయబోమని ముందే కాగితం మీద ఇవ్వాలి, లేకపోతే జ్వరంతోనే వస్తారు. గేటు దగ్గర వాచ్‌మన్‌ను పోలీసులా నిలబెట్టి జనంతో తగువు పెట్టించకండి. చెప్పడం వరకే అతని పని, గొడవైతే ఎవరికి ఫోన్ చేయాలో ఆ నంబరు అతని జేబులో ఉండాలి.

తెరిచే రోజుకు మూడు రోజుల ముందే ఒకరు పార్కంతా నడవాలి. ఊయల గొలుసుల తుప్పు, జారుడుబల్ల బోల్టులు, ఎండిన కొమ్మలు, కందిరీగల పట్టులు, గడ్డిలో పాములు చూడాలి. లైఫ్‌గార్డుల సర్టిఫికెట్ల గడువు కూడా అప్పుడే చూసుకోండి. మూసి ఉన్నన్నాళ్లూ అదీ కరిగిపోతూనే ఉంటుంది.