రైట్ చేసిన సీడీ కారులో ఎగురుతుంటే కారణం పట్టుకోవడం ఎలా?

కంప్యూటర్‌లో చక్కగా పాడే సీడీ కారు స్టీరియోలో పెట్టగానే పాట మధ్యలో ఎగిరిపోతుంటే, చాలామంది అవే పాటలను అదే పద్ధతిలో మరో ఖాళీ సీడీ మీద మళ్లీ రైట్ చేస్తారు. లోపం ఆ ఒక్క డిస్కులో ఉంటే తప్ప దీనివల్ల ఫలితం ఉండదు. పాట ఎక్కడ ఎగురుతోంది, ఎప్పుడు ఎగురుతోంది అన్న రెండు సంగతులు తెలిస్తే కారణం దాదాపు బయటపడినట్టే కాబట్టి, ఇంకో డిస్కు ఖర్చు చేసే ముందు వాటిని గమనించాలి.

కారును ఒకచోట నిలిపి, సీడీని మొదటి నుంచి వినండి. పాట తెగిన చోట ట్రాకు నంబరును, తెరమీద కనిపించే నిమిషాన్ని, సెకనును కాగితంమీద రాసుకోండి. అదే డిస్కును రెండోసారి పెట్టి ఆ చోట్లు మళ్లీ చూడండి. ఆ తరువాత కంపెనీ అచ్చువేసి అమ్మిన సీడీ ఒకటి, వీలైతే మరొకరు రైట్ చేసిన సీడీ ఒకటి అదే స్టీరియోలో వినండి. ప్రయాణంలో వినవలసి వస్తే, రాసుకునే పని పక్కన కూర్చున్నవారికి అప్పగించాలి.

రెండుసార్లూ సరిగ్గా ఒకే సెకను దగ్గర పాట తెగితే లోపం డిస్కులోనో, మూలమైన ఫైలులోనో ఉంది. కంప్యూటర్‌లోని ఫైలును అదే క్షణం దగ్గర హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి. అక్కడ కూడా చిన్న టిక్కు శబ్దం వినిపిస్తే, గీతలు పడిన పాత సీడీ నుంచి పాటను కంప్యూటర్‌లోకి తీసుకున్నప్పుడే ఆ లోపం చేరిందన్నమాట. ఎన్ని డిస్కులు రైట్ చేసినా అది పోదు. తప్పులు దొరికిన చోటును పదేపదే చదివి సరిచూసుకునే పద్ధతి ఉన్న రిప్పింగ్ సాఫ్ట్‌వేర్‌తో (సీడీలోని పాటను కంప్యూటర్‌లోకి ఫైలుగా తీసుకునేది) ఆ పాటను మళ్లీ తీసుకోవాలి. అచ్చు సీడీ శుభ్రంగా పాడుతూ, రైట్ చేసినవి మాత్రం ఎక్కడపడితే అక్కడ ఎగురుతుంటే, స్టీరియోలోని లేజర్ కొంత బలహీనపడి, రైట్ చేసిన డిస్కు ఇచ్చే సన్నటి సంకేతాన్ని అందుకోలేకపోతున్నదని అనుమానించవచ్చు. గతుకుల మీద మాత్రమే ఎగిరితే స్టీరియో బిగింపు చూడాలి. వెనుకవైపు ఆధారం వదులై పెట్టె ఊగుతుంటే ఎంత మంచి డిస్కయినా తడబడుతుంది.

అచ్చు సీడీకీ, రైట్ చేసిన సీడీకీ ఉన్న తేడా ఇక్కడ తెలియాలి. అచ్చు సీడీలో ప్లాస్టిక్ మీద నిజమైన గుంటలు ఉంటాయి, వాటిపై అల్యూమినియం పూత ఉంటుంది. ఒకసారి మాత్రమే రైట్ చేయగలిగే ఖాళీ సీడీ, అంటే సీడీ-ఆర్‌లో గుంటలుండవు, రైటర్ లేజర్ ఒక రంగు పొరను వేడిచేసి గుంటలలాగా కనిపించే గుర్తులను ఏర్పరుస్తుంది. అచ్చు సీడీ తనమీద పడిన కాంతిలో సుమారు 70 శాతం, అంతకన్నా ఎక్కువే వెనక్కి పంపుతుంది. సీడీ-ఆర్ దానికి దగ్గరగా వస్తుంది గాని, గుర్తుల అంచులు అంత స్పష్టంగా ఉండకపోవచ్చు. చెరిపి మళ్లీ రాయగలిగే సీడీ-ఆర్‌డబ్ల్యూ మాత్రం 15 నుంచి 25 శాతం కాంతినే తిప్పికొడుతుంది కాబట్టి పాత కారు స్టీరియోలు చాలావరకు దాన్ని గుర్తించనే గుర్తించవు. కంప్యూటర్ డ్రైవు అర్థంకాని చోటును వేగం తగ్గించి మళ్లీ మళ్లీ చదవగలదు. సాధారణ కారు ప్లేయర్‌కు అంత వెసులుబాటు లేదు. అందువల్ల ‘కంప్యూటర్‌లో పాడింది కాబట్టి డిస్కు మంచిదే’ అన్న నిర్ధారణ చెల్లదు.

మొదటి పాటలు బాగుండి చివరి పాటల దగ్గరే తెగడం చాలా తరచుగా కనిపించే లక్షణం. సీడీని లోపలి అంచు నుంచి బయటి అంచుకు చదువుతారు. డిస్కు కొద్దిగా వంగినా, బరువు ఒకవైపు ఎక్కువైనా ఆ ఊగు బయటి అంచు దగ్గరే పెద్దదవుతుంది. రైటింగ్ నాణ్యత కూడా అక్కడే పడిపోతుండటం మామూలే. డిస్కు అడుగుభాగాన్ని వెలుతురులో వాలుగా పట్టుకుంటే రాసిన భాగం, ఖాళీ భాగం రెండు ఛాయల్లో వేరుగా కనిపిస్తాయి. రాసినది బయటి అంచుదాకా పోయి ఉంటే, తరువాతి డిస్కులో పాటలు తగ్గించి మొత్తం నిడివి 65, 70 నిమిషాలకు మించకుండా చూడండి. 80 నిమిషాల డిస్కును అంచువరకు నింపవలసిన అవసరం లేదు. 90, 99 నిమిషాల డిస్కుల్లో జాడలు, అంటే పాటలు రాసే సన్నటి చుట్లు, మరింత దగ్గరగా ఉంటాయి కాబట్టి కారు కోసం అవి అసలు వద్దని నా అభిప్రాయం.

రైట్ చేసేటప్పుడు ఆడియో సీడీ అనే ఎంపికనూ, డిస్కు మొత్తాన్ని మధ్యలో ఆపకుండా ఒకే విడతలో రాసే డిస్క్-ఎట్-వన్స్ పద్ధతినీ ఎంచుకుని, చివర డిస్కును ఫైనలైజ్ చేయాలి, అంటే ఇక ఏమీ చేర్చకుండా ముగించాలి. ఫైనలైజ్ చేయని డిస్కును కారు ప్లేయర్ చాలాసార్లు ఖాళీ డిస్కుగానే భావిస్తుంది. వేగం విషయంలో ‘ఎంత తక్కువైతే అంత మంచిది’ అన్న మాట ప్రచారంలో ఉంది గాని అది పూర్తిగా నిజం కాదు. పాట వినే వేగానికి 48, 52 రెట్ల వేగంతో రాయడానికి తయారైన డిస్కుల రంగు పొర ఆ వేగాలకు తగ్గట్టే ఉంటుంది కాబట్టి, మరీ నెమ్మదిగా రాసినా గుర్తులు చెడవచ్చు. ఒకే కంపెనీ డిస్కులు రెండు తీసుకుని, అవే పాటలను ఒకదానిమీద 8 రెట్ల వేగంతో, మరొకదానిమీద 16 లేదా 24 రెట్ల వేగంతో రాసి కారులో విని పోల్చడం నమ్మదగిన పద్ధతి. డిస్కు కంపెనీనీ, వేగాన్నీ, పాటల నిడివినీ ఒకేసారి మార్చితే ఫలితం దేనివల్ల వచ్చిందో తేలదు, ఒక్కొక్కటిగానే మార్చాలి.

డిస్కు పైభాగాన్ని కూడా అంతే శ్రద్ధగా చూడాలి. చాలామంది అడుగున పడే గీతలకే భయపడతారు గాని, రంగు పొర, మెరుపు పూత పైన లేబుల్ వైపే పలుచటి లక్క కింద ఉంటాయి. డిస్కును బల్బుకు ఎదురుగా పట్టుకుంటే, పూత లేచిపోయిన చోట సూదిమొన అంత వెలుతురు చుక్కలు కనిపిస్తాయి. అలాంటి డిస్కును బాగుచేయడం కుదరదు, పాటలను కొత్తదాని మీదకు మార్చుకోవాలి. అతికించే కాగితపు లేబుళ్లు కారుకు అస్సలు పనికిరావు. అవి బరువును ఒకవైపు మళ్లిస్తాయి, ఎండకు వేడెక్కిన కారులో అంచులు లేచి స్లాటులో ఇరుక్కునే ప్రమాదమూ ఉంది. డిస్కు మీద రాయడానికని అమ్మే మెత్తటి మొనగల పెన్నే వాడండి. అడుగుభాగంలో దుమ్ము, వేలిముద్రలు ఉంటే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. చుట్టూ తిప్పి తుడిస్తే పడే గీత ఒకే జాడ వెంట సాగుతుంది, అలాంటి గీతను తప్పులు సరిదిద్దే వ్యవస్థ సులభంగా దాటలేదు.

ఇవన్నీ సరిచూశాక అచ్చు సీడీ కూడా ఎగురుతుంటే స్టీరియో వంతు వచ్చినట్టు. చల్లటి ఉదయాన మాత్రమే మొరాయించి కాసేపటికి సర్దుకుంటే, అది లెన్సు మీద పట్టిన తేమ కావచ్చు; ఆరేదాకా ఆగితే చాలు. ఎప్పుడూ ఎగురుతుంటే చిన్న బ్రష్షు ఉన్న లెన్స్ క్లీనర్ డిస్కును ఒకసారి వాడి చూడవచ్చు, స్లాటులోకి ద్రవాలు మాత్రం పోయకూడదు. దానితోనూ మార్పు రాకపోతే, లేజర్ యూనిట్‌ను గాని, లెన్సును నడిపే పట్టాల మీద గట్టిపడిన గ్రీజును గాని పెట్టె విప్పి చూడగల స్టీరియో మెకానిక్‌కు అప్పగించాలి. మీరు రాసుకున్న ట్రాకు, నిమిషం, సెకను కాగితాన్ని కూడా అతనికి ఇస్తే వెతుకులాట తగ్గుతుంది.