ఎండలు ముదరకముందే పాత డీజిల్ కారు లీకు సంగతి చూసుకోండి

"డీజిలే కదన్నా, పెట్రోలు కాదుగా. ఏం కాదు, నడుపుకోండి." మూడేళ్ల కిందట మా పాత కారు కింద తడి చూసి ఒక మెకానిక్ అన్న మాట ఇది. నేనూ సరే అనుకున్నాను. ఆ మే నెలలో హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్తుంటే, సూర్యాపేట దాటాక ఏసీలోంచి డీజిల్ వాసన గుప్పుమంది. ఆపి బానెట్ ఎత్తి చూస్తే నాజిల్ (ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) మీది రిటర్న్ పైపు, అంటే మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే పైపు చిట్లి, చుక్కలు ఇంజిన్ పొగ బయటికెళ్లే ఎగ్జాస్ట్ మేనిఫోల్డ్ మీద పడి పొగలు కక్కుతున్నాయి. మంట రాలేదు. అది మా అదృష్టం, అందులో డీజిల్ మంచితనం ఏమీ లేదు.

మన బంకుల్లో అమ్మే డీజిల్‌కు ఫ్లాష్ పాయింట్ కనీసం 35 డిగ్రీలు ఉండాలన్నది బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. అంటే ఆ వేడి దాటాక దాని ఆవిరికి నిప్పు తగిలితే అంటుకునే అవకాశం ఉంటుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మేలో నీడలోనే 45 చూస్తాం. ఇక బానెట్ కింద వేడి గురించి చెప్పేదేముంది! బాగా కాలిన మేనిఫోల్డ్ మీద డీజిల్ తుంపరలా పడితే నిప్పురవ్వ కూడా అక్కర్లేదు. చలికాలంలో ఏమీ కాలేదన్న ధీమా ఎండాకాలానికి పనికిరాదు. అందుకే చలి శివశివా అంటూ వెళ్లిపోయిన వారంలోనే ఒక ఆదివారం దీనికి కేటాయించండి.

ముందు కారుతున్నది డీజిలేనా అన్నది తేల్చుకోవాలి. రాత్రి బండి కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి, గాలికి లేవకుండా రాళ్లు పెట్టండి. పొద్దున చూస్తే ఏసీ నీళ్లయితే మరక ఆరిపోయి ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ అయితే నల్లగా, జిగటగా ఉంటుంది. డీజిల్ మరక మాత్రం ఆరదు, పకోడీల పొట్లంలా కాగితం పారదర్శకంగా అయి వెడల్పుగా పాకి ఉంటుంది. వాసన సరేసరి.

అయితే చుక్క పడ్డచోటే లీకు ఉందనుకోకండి. డీజిల్ పైన ఎక్కడో పుట్టి, పైపుల వెంట, బ్రాకెట్ల వెంట పాకి అడుగున ఎక్కడో రాలుతుంది. నాకు బాగా పనికొచ్చిన చిట్కా ఇంట్లో ముఖానికి రాసుకునే పౌడరే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సబ్బునీళ్లతో, బ్రష్‌తో జిడ్డంతా కడగండి. బ్యాటరీని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్‌కు ముందే ప్లాస్టిక్ కవర్ కట్టండి. పూర్తిగా ఆరాక ఆ కవర్ తీసేసి, ఫిల్టరు, పంపు, నాజిళ్ల చుట్టూ పౌడర్ పల్చగా చల్లి, ఇంజిన్ పది నిమిషాలు స్లోలో తిరగనివ్వండి. తెల్లటి పౌడర్ మీద ముందుగా ఎక్కడ పసుపురంగు తడి గీత మొదలైందో అదే దొంగ. మా బండిలో పంపు లీకు, పదిహేను వేలవుతుందని చెప్పారు. తీరా చూస్తే మూడో నాజిల్ దగ్గర జానెడు రబ్బరు పైపు.

వెతికేటప్పుడు చేత్తో తడిమి చూడొద్దు. ఈ ఒక్కటీ గట్టిగా చెప్పాలి. పాత ఇండికా లాంటి రోటరీ పంపు (నాజిళ్లకు వంతులవారీగా డీజిల్ పంచే పంపు) బండ్లలో నాజిల్ తెరుచుకోవడానికే వంద బార్లకు పైగా ఒత్తిడి కావాలి. స్విఫ్ట్ డీజిల్ లాంటి కామన్ రైల్ (నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టంలోంచి డీజిల్ అందే) బండ్లలో అది వెయ్యి బార్లు దాటుతుంది. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకే. అంత ఒత్తిడితో సన్నటి పగులులోంచి వచ్చే డీజిల్ కంటికి కనబడదు, గ్లవుజు ఉన్నా వేలిలోకి సూదిలా దిగుతుంది. మొదట చిన్న సూది గుచ్చినట్టు ఉండి పెద్ద నొప్పి కూడా ఉండదు. కొన్ని గంటల్లో వేలు వాచి, లోపల కండ కుళ్లడం మొదలవుతుంది. అలా జరిగితే కట్టు కట్టుకుని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆపరేషన్ సౌకర్యం ఉన్న ఆసుపత్రికి వెళ్లి, "ఒత్తిడితో డీజిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పండి. పైపు మీద అనుమానం ఉంటే అట్టముక్కను దూరంగా పట్టుకుని జరుపుతూ చూడండి, తడి అట్ట మీద కనబడుతుంది.

ఇంకో రకం లీకు ఉంది. అది కారదు, గాలి పీలుస్తుంది. ట్యాంకు నుంచి పంపు దాకా వచ్చే పైపులో జాయింటు వదులైతే, పంపు డీజిల్‌తో పాటు గాలినీ లాగుతుంది. పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా ఎక్కకపోవడం, ఎక్కాక కాసేపు గుడగుడలాడి ఆగిపోవడం దీని లక్షణాలు. చాలామంది బ్యాటరీ మార్చేస్తారు, స్టార్టింగ్‌కు ఇంజిన్‌ను వేడిచేసే హీటర్ ప్లగ్గులు మార్చేస్తారు. ఫిల్టర్ తర్వాత ఓ జానెడు పారదర్శక పైపు తాత్కాలికంగా పెట్టి చూస్తే బుడగలు పరుగెత్తడం కళ్లారా కనబడుతుంది.

రిపేరు మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. మూసిన షెడ్డులో కాకుండా ఆరుబయట నీడలో, ఇంజిన్ పూర్తిగా చల్లారాక చేయండి. వెలుతురుకు పాత బల్బు హోల్డరు వద్దు, ఎల్‌ఈడీ టార్చ్ చాలు. పక్కన పౌడర్ రకం అగ్నిమాపక సిలిండరు, లేదంటే బక్కెట్ ఇసుకైనా ఉండాలి, డీజిల్ మంట మీద నీళ్లు పోస్తే ఇంకా పాకుతుంది. బండి కిందికి దూరాలంటే జాకీ ఒక్కదాన్నీ నమ్మొద్దు, ఇటుకలను అసలే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టండి.

రిటర్న్ పైపులు ఒకటి పోయిందంటే మిగతావీ అదే వయసువి, సెట్టంతా మార్చేయండి. పాత ముక్కను షాపుకు తీసుకెళ్లి, అదే సైజులో డీజిల్‌కు పనికొచ్చే దారం అల్లిక పైపు అడగండి. సెలైన్ పైపు తొడిగేవాళ్లను చూశాను, నెల తిరక్కుండా అది అప్పడంలా పెళుసెక్కుతుంది. ఫిల్టర్ మార్చాక లీకైతే, పాత రబ్బరు రింగు పైనే అతుక్కుపోయి రెండు రింగులు పడ్డాయేమో చూడండి. బోల్టుల కింది కాపర్ వాషర్లు తీసిన ప్రతిసారీ కొత్తవి వేయాలి. పల్లెలో దొరక్కపోతే పాతదాన్ని ఎర్రగా కాల్చి చల్లార్చి మెత్తబరిచి వాడే మేస్త్రీలున్నారు. ఊరు చేరడానికి పర్వాలేదు. ఆ కాల్చడం మాత్రం బండికి దూరంగా చేయించండి.

హైప్రెషర్ పైపు చిట్లితే వెల్డింగ్, ఎం-సీల్ లాంటివి వద్దు, కొత్త పైపే వేయాలి, దాన్ని పట్టుకునే క్లిప్పులు కూడా తిరిగి బిగించాలి. అవి లేక అదిరే కొత్త పైపూ పగులుతుంది. పాత రోటరీ బండిలో నాజిల్ నట్టు వదులు చేసి ఎయిర్ తీసినట్టు కామన్ రైల్ బండిలో చేయకూడదు, అది తెలిసినవాళ్లకే ఇవ్వండి. రోటరీ పంపులోంచే కారుతుంటే దాన్ని మీరు విప్పొద్దు, టైమింగ్ (డీజిల్ చిమ్మాల్సిన సమయం) తప్పుతుంది. పంపును టైమింగ్ బెల్టు తిప్పే బండి అయితే అసలు ఆలస్యం చేయకండి. డీజిల్ తాగిన బెల్టు ఉబ్బి తెగితే ఇంజిన్ ఖర్చు బండి ఖరీదును దాటొచ్చు.

పని అయ్యాక హ్యాండ్ ప్రైమర్ (చేత్తో నొక్కి డీజిల్ ఎక్కించే చిన్న పంపు) గట్టిపడేదాకా నొక్కి, పది సెకన్లు మించకుండా సెల్ఫ్ కొట్టి, అర నిమిషం ఆగి మళ్లీ కొట్టండి. పది కిలోమీటర్లు తిప్పి, వేడి మీద ఒకసారి టార్చ్ వేసి చూడండి, చెయ్యి పెట్టకండి. ఆ రాత్రి మళ్లీ న్యూస్‌పేపర్ పరవండి. నేలమీద ఒలికినదాని మీద ఇసుక చల్లి ఎత్తేయండి. పొయ్యి బూడిద చల్లేవాళ్లు అందులో నిప్పుకణికలు లేవని చూసుకోవాలి, మా పక్కింటాయన చూసుకోలేదు.

డిక్కీలో రెండడుగుల రిటర్న్ పైపు, నాలుగు క్లిప్పులు, అరడజను కాపర్ వాషర్లు, ఒక బట్టల సబ్బు పెట్టుకోండి. సబ్బు ఎందుకంటారా? రాయి తగిలి ట్యాంకుకు సన్నటి చిల్లు పడితే సబ్బు గట్టిగా రుద్ది కూరితే, మెకానిక్ దగ్గరికి చేరేదాకా ఆగుతుంది.