పరుగు పరీక్ష మనమే చేసుకుందాం, 4వ పాఠం: పొద్దున్నా, సాయంత్రమా?

పోయిన పాఠంలో ర్యాస్ట్ పరీక్ష, అంటే ఉరుకులో పవర్ ఎంతో కొలిచే పరీక్ష, పెట్టడం నేర్చుకున్నాం. 35 మీటర్లు ఆరుసార్లు ఉరకాలి, మధ్యలో 10 సెకన్లే విరామం. సైకిల్ మీద 30 సెకన్లు తొక్కించే వింగేట్ పరీక్ష చూసి, 1997లో ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హాంప్టన్ యూనివర్సిటీలో దీన్ని తయారుచేశారు.

60 కిలోల కుర్రాడు ఒక 35 మీటర్ల ఉరుకును పొద్దున 5.1 సెకన్లలో, సాయంత్రం 5.0లో పరుగెత్తాడనుకుందాం. బరువును దూరం వర్గంతో గుణించి, సమయం ఘనంతో భాగిస్తే పొద్దున 554 వాట్లు, సాయంత్రం 588. "సాయంత్రం పవర్ పెరిగింది సార్!" అంటాడు. ఆగండి. సమయాన్ని ఘనం చేస్తున్నాం కాబట్టి పదో వంతు సెకను తేడాకే 34 వాట్లు మారిపోయాయి, అంటే దాదాపు 6 శాతం. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు బొటనవేలు ఆ మాత్రం ఆలస్యం కావడం మామూలే.

అలాగని సాయంత్రం మాట ఒట్టిది కాదు. ఒంటి వేడి తెల్లవారుజామున బాగా తగ్గి, సాయంత్రానికి పెరుగుతుంది. కండరాలూ అప్పుడే చురుగ్గా ఉంటాయి. వింగేట్ పరీక్షల్లోనూ ఈ తేడా కనబడింది, కాకపోతే అది కొద్ది శాతమే. మన వాచీ పొరపాటూ అంతే ఉంటే, ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

అందుకే ముందు పొరపాటును కొలవాలి. ఎనిమిది మందితో, ఒకే వేళకి, రెండు రోజుల ఎడంతో రెండుసార్లు పరీక్ష పెట్టండి. అంతకుముందే ఒక రిహార్సల్ తప్పనిసరి, దాని అంకెలు లెక్కలోకి తీసుకోవద్దు. ఒక్కొక్కరి రెండు ఫలితాల మధ్య తేడా రాసి, ఆ తేడాల ప్రామాణిక విచలనాన్ని (స్టాండర్డ్ డీవియేషన్, అంటే అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 1.41తో భాగించండి. ఎక్సెల్ ఉంటే రెండు నిమిషాల పని. విచలనం 28 వచ్చిందనుకోండి, భాగిస్తే మీ పరీక్ష పొరపాటు సుమారు 20 వాట్లు. ఒక్క మనిషి విషయంలో దానికి రెండింతలు, అంటే 40 దాటితే తప్ప నేను నమ్మను. మన కుర్రాడి 34 నిలబడలేదు.

ఆ తర్వాతే వేళల పోలిక. సగం మందికి ముందు పొద్దున, మిగతా సగానికి ముందు సాయంత్రం పెట్టండి. లేకపోతే అలవాటు వల్ల వచ్చిన మెరుగుదల సాయంత్రం ఖాతాలో పడుతుంది. వార్మప్ అందరికీ ఒకేలా ఉండాలి. పొద్దున వార్మప్ ఎక్కువసేపు చేస్తే తేడా తగ్గుతుంది, రోజూ పొద్దునే సాధన చేసేవాళ్లలోనూ అంతే. కానిస్టేబుల్ సెలెక్షన్లకి తయారయ్యేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. అక్కడ ఈవెంట్స్ పొద్దున్నే మొదలవుతాయి, సాయంత్రం గ్రౌండ్‌లో కొట్టిన టైమింగ్ చూసుకుని ధీమాగా వెళ్తే కష్టం.

వచ్చే పాఠానికి మీ ఎనిమిది మంది అంకెలు సిద్ధంగా ఉంచుకోండి. వాటితోనే అలసట సూచీ, అంటే ఆరు ఉరుకుల్లో పవర్ ఎంత పడిపోయిందో, లెక్క కడదాం.