తీరిన బాకీకి మళ్లీ కిస్తీలు కట్టకండి: దేవునితో సమాధానపడే తోవ

తెలుగు బైబిల్లో 'సమాధానం' అంటే జవాబు కాదు, తగవు తీరి కలిసిపోవడం. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో చాలామంది దాన్ని మొక్కుబడిలా చూస్తారు. ఇన్ని శుక్రవారాలు ఉపవాసముంటాను, ఇంత కానుక వేస్తాను, క్షమించు ప్రభువా అంటారు. తోవ తప్పేది అక్కడే.

పొద్దుగూకినాక ఫోన్ పక్కన పెట్టి, బైబిల్లోని రోమా పత్రిక, అంటే పౌలు రోమా విశ్వాసులకు రాసిన ఉత్తరం, 3:19 నుంచి 5:11 వరకు పైకి చదవండి. పావుగంటలో అయిపోతుంది. చదువు రాకపోతే పిల్లలతో చదివించుకోండి. 5:1 దగ్గర ఆగి, మళ్లీ చదవండి. నీతిమంతులుగా తీర్చబడ్డాం, అంటే దేవుడు మనల్ని నిర్దోషులని తీర్పిచ్చాడు, కాబట్టి సమాధానం అంటాడు పౌలు. తీర్పు ముందు, మనసు నెమ్మది తర్వాత.

ప్రార్థన పొడుగ్గా ఉండక్కర్లేదు. లూకా 18:13లో సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, అన్నది ఒక్క మాటే: 'పాపినైన నన్ను కరుణించుము.' అయితే గంపగుత్తగా అనేసి తప్పించుకోకండి. పక్కవాళ్ల పొలంలోకి గట్టు జరిపిన సంగతి, అన్నతో మాట్లాడని ఏళ్లు, పేరు పెట్టి ఒప్పుకోండి.

ఇక అసలు సంగతి. మన దగ్గర బాకీ తీరగానే ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకొని, సంతకం ఉన్నచోట చింపేస్తారు. నోటు షావుకారు దగ్గరే ఉండిపోతే, పైసలు కట్టినా గుండె దడ పోదు. కొలొస్సయి 2:14 చెప్పేది ఇదే: మన మీది రుణపత్రాన్ని దేవుడు సిలువకు మేకులతో కొట్టి, చేవ్రాత తుడిచేశాడు. కృప ఉత్త మాఫీ కాదు, క్రీస్తు తన ప్రాణంతో కట్టాడు. కానుక వేయండి, కృతజ్ఞతగా వేయండి. క్షమాపణ కోసం వేస్తే చింపిన నోటుకు వడ్డీ కట్టినట్టే.

బోరు ఎండినా, బిడ్డకు జ్వరమొచ్చినా 'దేవునికి కోపమొచ్చింది' అనుకుంటాం. రోమా 5:1 తర్వాత రెండు వచనాలకే శ్రమల మాట వస్తుంది, చూడండి. శ్రమ ఉన్నంత మాత్రాన సమాధానం పోయినట్టు కాదు. మళ్లీ తప్పు చేస్తే ఆ రోజే 1 యోహాను 1:9 పట్టుకొని ఒప్పుకోండి, మళ్లీ బాప్తిస్మం అక్కర్లేదు. కన్నీళ్లు రాలేదని కూడా దిగులుపడకండి.

తర్వాత పాస్టరుగారిని కలవండి. ఇక్కడి బాప్టిస్టు, మెన్నోనైట్ సంఘాల్లో నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. పాపం కడిగేది ఆ నీళ్లు కావు.

జక్కయ్య అనే సుంకరి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నది యేసు అతని ఇంట్లో అడుగుపెట్టాకే. మీరూ గట్టు జరిపి ఉంటే, విత్తనాలు వేసేలోపే ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని వెళ్లి, హద్దురాయిని పాతచోట పాతించండి.